ముందు కేజీ రాయి పెట్టి చూడండి: బయోమెడికల్ రీసెర్చ్‌లో ఏఐ వాడదామనుకునే మన వైజాగ్ పిల్లలకి

ప్రాజెక్టులు ఇచ్చే టైమ్ వచ్చిందంటే చాలు నాకు మెసేజ్‌లు మొదలవుతాయి, "అక్కా ఏఐ మీద ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలెట్టాలి" అని. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసేవాళ్ళు, ఫార్మసీ వాళ్ళు, ఆంధ్రా మెడికల్ కాలేజీలో పీజీ థీసిస్ టాపిక్ పెట్టాల్సినవాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కళ్ళకీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం మర్చిపోతున్నారు, అందుకే మొత్తం ఒకచోట పెడుతున్నా, తీరిగ్గా చదువుకోండి. నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, కోడింగ్ తర్వాత నేర్చుకున్నా, కాబట్టి కంప్యూటర్స్ చదవని వాళ్ళకి అర్థమయ్యేలాగే చెప్తా.

అన్నిటికంటే ముందు ఒక్క అలవాటు చేసుకోండి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. ఎంవీపీ రైతుబజార్లో కొత్త కాటా తెచ్చుకున్నవాళ్ళు ఏం చేస్తారు? కూరగాయలు తూచేముందు కేజీ రాయి పెట్టి చూసుకుంటారు. రాయి పెడితే కేజీ చూపించాలి, అప్పుడే వంకాయలు. ఏఐ టూల్ కూడా అంతే, మీకు జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి దానికి ఇచ్చి, ఎక్కడ సరిగ్గా చెప్పిందో ఎక్కడ తప్పిందో చూసుకుని, ఆ తర్వాతే తెలియని లెక్క ఇవ్వాలి. చాలామంది ఈ పని వదిలేసి సరాసరి కొత్త మందు కనిపెట్టడానికి వెళ్ళిపోతారు, తర్వాత వైవాలో "ఇది కరెక్ట్ అని నీకెలా తెలుసు" అంటే నోట మాట రాదు.

ఇంక ప్రశ్న సంగతి. ఓ తమ్ముడు వచ్చి ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఏఐతో కనిపెడతా అన్నాడు. వాళ్ళ ఊరు అటువైపే, బాధ తెలిసినవాడు, ఆ తపన చూస్తే నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ ఉద్దానంలో ఏళ్ళ తరబడి నీళ్ళు, మట్టి, ఎండలో పని, జన్యువులు ఇలా ఎన్ని వైపుల నుంచి చూసినా ఇదే కారణం అని ఇంకా తేలలేదు. నీ దగ్గర డేటా ఏముంది అనడిగా, ఏమీ లేదన్నాడు. ఏఐ అనేది ఉన్న డేటాలో పోలికలు పట్టుకుంటుంది గానీ లేని డేటాని పుట్టించదు కదా. చివరికి ఇద్దరం కూర్చుని కుదించాం: అందరికీ అందుబాటులో ఉన్న కిడ్నీ టిష్యూ ఆర్‌ఎన్‌ఏ డేటాలో, మేం ఎంచుకున్న మూడు జీన్లు క్రానిక్ కిడ్నీ డిసీజ్ ఉన్నవాళ్ళలో తగ్గుతున్నాయా లేదా? చిన్న ప్రశ్నే, కానీ అవును అనో కాదు అనో జవాబు వస్తుంది, కాదు అని వచ్చినా థీసిస్‌లో రాసుకోవచ్చు. మీ ప్రశ్న కూడా ఈ సైజుకి వచ్చేదాకా లాప్‌టాప్ తెరవకండి.

కేజీ రాయిగా నేను అందరికీ ఇచ్చేది సికిల్ సెల్, రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. మనకి దగ్గర జబ్బు ఇది, పాడేరు, అరకు వైపు గిరిజన గూడేల పిల్లల్లో ఉంది, పైగా మూల కారణం పూర్తిగా తేలిపోయిన జబ్బు. 1949లో లైనస్ పాలింగ్ వాళ్ళు ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని చూపించారు, ఆ తర్వాత 1950ల్లోనే వెర్నన్ ఇంగ్రమ్ ఒక్క అమైనో ఆసిడ్ మారడమే దానికి కారణమని పట్టుకున్నాడు. 11వ క్రోమోజోమ్ మీద హెచ్‌బీబీ జీన్, అందులో డీఎన్‌ఏ అక్షరాలు జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ, దాంతో గ్లుటామిక్ ఆసిడ్ పోయి వాలీన్ వచ్చింది. అంతే. జవాబు మన చేతిలో ఉంది కదా, ఇప్పుడు టూల్స్‌ని ఒక్కొక్కటిగా దీని మీద నడిపిద్దాం.

యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్ సైట్ తెరిచి పీ68871 అని కొట్టండి, హెచ్‌బీబీ జీన్ తయారుచేసే మనిషి బీటా గ్లోబిన్ వస్తుంది, 147 అక్షరాలు, ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆసిడ్, ఈ అంటే గ్లుటామిక్ ఆసిడ్, వీ అంటే వాలీన్. మొదటి తొమ్మిది వేలు పెట్టి లెక్కపెట్టండి: ఎం, వీ, హెచ్, ఎల్, టీ, పీ, ఈ, ఈ, కే. పుస్తకాల్లో 6వ స్థానం అని చదువుకున్నాం, ఇక్కడ 6వది పీ, అంటే ప్రోలీన్! కంగారు పడకండి. మొదటి ఎం, అదే మెథియోనిన్, ప్రొటీన్ తయారయ్యాక తెగిపోతుంది, పాతవాళ్ళు దాన్ని వదిలేసి లెక్కపెట్టారు, డేటాబేస్ దాన్ని కలిపి లెక్కపెడుతుంది. కాబట్టి పాత పుస్తకంలో 6, కొత్త జెనెటిక్ రిపోర్టులో 7, రెండూ ఒకటే. మార్చాల్సింది 7వ అక్షరం. ఇంకోటి గమనించారా, 8వది కూడా ఈ నే. ఒకటి ఎక్కువ లెక్కపెట్టి 8వది మార్చారనుకోండి, ఈ పోయి వీ వచ్చింది కదా అని మీకు అనుమానమే రాదు, టూల్ కూడా ఏమీ అనదు, బుద్ధిగా తప్పు ప్రొటీన్‌కి జవాబు ఇచ్చేస్తుంది. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ పాడైనవి ఇలాంటి నంబరింగ్ దగ్గరే, ఆల్గోరిథమ్ దగ్గర కాదు.

ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్, అంటే ప్రొటీన్ అక్షరాల వరస ఇస్తే దాని ఆకారం ఊహించి చెప్పే ఏఐ. డీప్‌మైండ్ వాళ్ళది, 2020లో క్యాస్ప్ అనే ప్రొటీన్ ఆకారాలు ఊహించే పోటీలో అందరినీ ఆశ్చర్యపరిచింది, 2022కల్లా 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు ఫ్రీగా పెట్టేశారు, 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం హస్సాబిస్‌కి, జంపర్‌కి దీనికే వచ్చింది, మిగతా సగం ప్రొటీన్ డిజైన్‌కి డేవిడ్ బేకర్‌కి. ఆ డేటాబేస్‌లో మన పీ68871 తెరిస్తే రంగురంగుల బొమ్మ వస్తుంది. ఆ రంగులు అందం కోసం కాదు, ఆ చోటు గురించి దానికి ఎంత నమ్మకమో చెప్పే మార్కులు. 90 పైన ముదురు నీలం, 70 నుంచి 90 లేత నీలం, 50 నుంచి 70 పసుపు, 50 కింద నారింజ. నారింజ రంగు చోట బొమ్మలో ఏదో దారంలా వేలాడుతూ కనిపిస్తే అది నిజంగా అలా ఉందని కాదు, చాలాసార్లు ఆ భాగానికి స్థిరమైన ఆకారమే ఉండదు. అలాంటి చోట మందు అతికించి పేపర్ రాసినవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చేయకండి.

7వ అక్షరం మార్చిన సీక్వెన్స్‌ని కోలాబ్‌ఫోల్డ్‌లో వేయండి, ఆల్ఫాఫోల్డ్‌ని మనమే నడుపుకునే టూల్ అది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, గూగుల్ వాళ్ళ కంప్యూటర్ వాడుకుంటుంది కాబట్టి మీ లాప్‌టాప్ పాతదైనా పర్లేదు. వచ్చిన బొమ్మని, మామూలు గ్లోబిన్ బొమ్మని కైమెరాఎక్స్ అనే ప్రొటీన్ బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టండి. ఏం కనిపిస్తుంది? దాదాపు ఏ తేడా ఉండదు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఈ జబ్బు గురించి ముందే తెలియకపోతే మీరు ఏం రాసేవాళ్ళు? "ఈ మ్యుటేషన్ వల్ల ప్రొటీన్ మీద ప్రభావం లేదు" అని రాసేవాళ్ళు. మాటిమాటికీ నొప్పులతో మెలికలు తిరిగే పిల్లల్ని వార్డులో చూసినవాళ్ళకి ఆ వాక్యం ఎంత తప్పో తెలుసు.

సంగతేంటంటే సికిల్ సెల్‌లో ఒక్క గొలుసు ఆకారం పెద్దగా మారదు, నిజంగానే మారదు. ఆక్సిజన్ వదిలేసిన తర్వాత, ఆ కొత్త వాలీన్ వెళ్ళి పక్క హిమోగ్లోబిన్ మీద ఉన్న చిన్న గుంటలో కూర్చుంటుంది, ఫినైల్‌అలనీన్ 85, ల్యూసీన్ 88 ఉన్న చోటు (పాత లెక్కలో). ఒకటి ఇంకోదానికి, అది మరోదానికి, అలా గొలుసుకట్టుగా అతుక్కుపోయి పోగులుగా మారి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. పీడీబీలో (ప్రయోగాలతో తేల్చిన ప్రొటీన్ ఆకారాల డేటాబేస్) 2హెచ్‌బీఎస్ అనే స్ట్రక్చర్ తెరిస్తే ఆ అతుకు కళ్ళారా చూడొచ్చు, జూమ్ చేసి ఓ పది నిమిషాలు చూడండి. ఆల్ఫాఫోల్డ్ అబద్ధం చెప్పలేదు, మనం దాన్ని ఒక్క గొలుసు ఆకారం అడిగాం, జబ్బేమో రెండు అణువుల మధ్య ఉంది. ఈ ఒక్క సాయంత్రం పనితో మీకు అర్థమయ్యేది పది లెక్చర్లు విన్నా అర్థం కాదు, అందుకే దీని మీద ఇంతసేపు ఉన్నా.

మ్యుటేషన్ చెడ్డదా కాదా చెప్పడానికి వేరే టూల్స్ ఉన్నాయి, 2023లో వచ్చిన ఆల్ఫామిస్సెన్స్ 7.1 కోట్ల మార్పులకి ముందే స్కోర్లు ఇచ్చి పెట్టింది. అవి ఏది ముందు పరీక్షించాలో ఎంచుకోవడానికి పనికొస్తాయి, పేషెంట్‌కి రిపోర్ట్ రాయడానికి కాదు.

డాకింగ్‌కి వద్దాం, అంటే మందు అణువు ప్రొటీన్‌కి ఎక్కడ, ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో లెక్కేయడం, ఫార్మసీ పిల్లలందరూ మొదట పడేది ఇందులోనే. ఆటోడాక్ వైనా ఫ్రీ, ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు, ప్రొటీన్ ఇచ్చి, మందు అణువు ఇచ్చి, ఎక్కడ వెతకాలో డబ్బా గీస్తే మైనస్ 8.2 అనో మైనస్ 9 అనో నంబర్ ఇస్తుంది, మైనస్ ఎంత ఎక్కువైతే అంత గట్టిగా అతుక్కుంటుందని దాని అంచనా. ఏం ఇచ్చినా నంబర్ ఇస్తుంది! అదే దీంతో వచ్చిన చిక్కు. నేలవేము, తిప్పతీగ, పసుపు, వీటిల్లో ఉండే అణువులు తీసుకెళ్ళి ఏదో ఒక ప్రొటీన్‌కి అతికించి, మంచి నంబర్ వచ్చింది కాబట్టి మందు దొరికింది అని రాసేస్తున్నారు. మన మొక్కల మీద నాకూ ప్రేమే, మా అమ్మమ్మ జ్వరం వస్తే నేలవేము కషాయమే పట్టేది, ఆ ప్రేమ ఉంది కాబట్టే వాటిని సరిగ్గా పరీక్షించమంటున్నా.

ఇక్కడ కేజీ రాయి ఏంటంటే రీడాకింగ్. మందు అతికి ఉన్న క్రిస్టల్ స్ట్రక్చర్ ఒకటి పీడీబీలోంచి తీసుకోండి, ఆ మందుని బయటికి తీసేసి, తిప్పేసి, మళ్ళీ వైనాకి ఇవ్వండి. అది తన పాత చోటికే, పాత భంగిమలోనే వెళ్ళిందా? తేడా 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే మీ సెట్టింగ్స్ పర్లేదు. లేదంటే డబ్బా తప్పో, హైడ్రోజన్లు సరిగ్గా పెట్టలేదో, పక్కనుండే లోహపు అయాన్‌నో నీటి అణువునో తీసేశారో చూసుకోండి. ఎంత గట్టిగా వెతకాలో చెప్పే ఎగ్జాస్టివ్‌నెస్ అనే సెట్టింగ్ మామూలుగా 8 ఉంటుంది, 32కి పెంచి చూడండి. తర్వాత రెండో రాయి: ఈ ప్రొటీన్‌కి ఎలాంటి సంబంధం లేని, దాదాపు అదే బరువున్న అణువులు ఓ యాభై తెచ్చి వాటినీ డాక్ చేయండి. వాటికీ మైనస్ 8 వస్తుంటే మీ నేలవేము అణువుకి వచ్చిన మైనస్ 8కి విలువేముంది? అణువు పెద్దదయ్యేకొద్దీ వైనా స్కోరు తనంతట తనే బాగుంటుంది, ఇది అందరికీ తెలిసిన జబ్బే. మైనస్ 8.1కీ మైనస్ 8.4కీ తేడా ఉందని పేరాలు పేరాలు రాయకండి, అంత సన్నటి తేడా తూచే కాటా కాదు అది.

ఐసోనియాజిడ్ కథ చెప్తే ఇంకా బాగా తెలుస్తుంది. 1952 నుంచి టీబీకి వాడుతున్న మందు, అది చివరికి దెబ్బకొట్టేది ఇన్హా అనే ఎంజైమ్‌ని. సరే కదా అని ఐసోనియాజిడ్‌ని తీసుకెళ్ళి ఇన్హాకి డాక్ చేస్తే ఏదో నంబర్ వస్తుంది, కానీ శరీరంలో జరిగేది అది కాదు. టీబీ బ్యాక్టీరియాలోనే క్యాట్‌జీ అనే ఎంజైమ్ ముందు ఈ మందుని మారుస్తుంది, మారిన ముక్క కణంలోనే ఉండే ఎన్‌ఏడీ అనే అణువుతో కలిసిపోతుంది, ఆ కలిసిన పెద్ద అణువు వెళ్ళి ఇన్హాలో కూర్చుంటుంది. క్యాట్‌జీలో మ్యుటేషన్ వస్తే మందు పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. డాకింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇవేమీ తెలీవు, మీకు తెలియాలి. పసుపులో కర్కుమిన్ కూడా అంతే జాగ్రత్తగా చూడాలి, అది చాలా రకాల పరీక్షల్లో పనిచేసినట్టే కనిపించి మోసం చేస్తుంది, తీరా చూస్తే నీళ్ళలో నిలవదు, రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, 2017లో మెడిసినల్ కెమిస్టులు దీని మీద వివరంగా రాశారు.

జీన్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పని, చేసేవాళ్ళకి కొంచెం తొందరగా చెప్తా. డేటా ఎన్‌సీబీఐ వాళ్ళ జియో అనే డేటాబేస్‌లో ఫ్రీగా దొరుకుతుంది, కోడ్ రానివాళ్ళు గెలాక్సీ సైట్‌లో మౌస్‌తోనే చేసుకోవచ్చు, వచ్చినవాళ్ళు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డీఈసెక్2 ప్యాకేజీ వాడొచ్చు. మొదటి పని ఆడా మగా సరిచూడటం. ఎగ్జిస్ట్ అనే జీన్ ఆడవాళ్ళ శాంపిల్స్‌లో ఎక్కువ ఉంటుంది, వై క్రోమోజోమ్ జీన్లు మగవాళ్ళలోనే ఉంటాయి, షీట్‌లో ఆడ అని రాసి ఉన్న శాంపిల్‌లో వై జీన్లు వెలుగుతున్నాయంటే లేబుల్ తారుమారైంది. ఐదు నిమిషాల పని. రెండోది, 20 వేల జీన్లు పరీక్షించి పీ విలువ 0.05 కింద ఉన్నవన్నీ తీసుకుంటే, అసలు ఏ తేడా లేని డేటాలో కూడా వెయ్యి జీన్లు "సిగ్నిఫికెంట్" అని వచ్చేస్తాయి, 20 వేలలో 5 శాతం వెయ్యే కదా, అందుకే ఇన్ని పరీక్షలు చేశామని లెక్కలోకి తీసుకుని సరిచేసిన అడ్జస్టెడ్ పీ విలువ మాత్రమే చూడాలి. మూడోది, పేషెంట్ల శాంపిల్స్ అన్నీ సోమవారం, మామూలువాళ్ళవి అన్నీ గురువారం రన్ చేశారంటే మీకు కనిపించే తేడా జబ్బుదో వారానిదో ఎవరూ చెప్పలేరు, ఎంత పెద్ద ఏఐ అయినా విడదీయలేదు.

ఆఁ, ఎక్సెల్! జీన్ల లిస్టుని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవకండి. సెప్ట్2 అనే జీన్‌ని అది సెప్టెంబర్ 2 తారీఖు చేసేస్తుంది, మార్చ్1ని మార్చి 1 చేసేస్తుంది. 2016లో లెక్కేస్తే ఎక్సెల్ జీన్ లిస్టులు జతచేసిన పేపర్లలో సుమారు ఐదో వంతులో ఈ తప్పు దొరికింది, చివరికి 2020లో జీన్ల పేర్లే మార్చేశారు, సెప్టిన్2 అని, మార్చ్‌ఎఫ్1 అని. పాత డేటాలో మాత్రం పాత పేర్లే ఉంటాయి, కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పి ఇంపోర్ట్ చేసుకోండి.

ఇమేజ్‌ల దగ్గర నేను బాగా దెబ్బతిన్నా, అది చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రేలు చూసి టీబీ ఉందా లేదా చెప్పే మోడల్ చేశా. టీబీ ఫిల్ములు ఒక చోట నుంచి, మామూలు ఫిల్ములు ఇంకో చోట నుంచి తెచ్చా, అప్పుడు అది తప్పని తట్టలేదు. ట్రైనింగ్ అయిపోయి టెస్ట్‌లో దాదాపు అన్నీ కరెక్ట్‌గా చెప్పేసింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు ఆనందంతో. పొద్దున్నే మా మేడంకి చూపించా. ఆవిడ నంబర్ వైపు చూడనే లేదు, "అమ్మా, అది ఊపిరితిత్తులు చూస్తోందో ఇంకేం చూస్తోందో బొమ్మ మీద వేసి చూపించు" అన్నారు. గ్రాడ్‌క్యామ్ అని ఒక పద్ధతి ఉంది, మోడల్ ఇమేజ్‌లో ఏ భాగం మీద ఆధారపడిందో ఎర్రగా చూపిస్తుంది. వేశా. ఊపిరితిత్తులు నీలంగా ఉన్నాయి, పైన మూల, ఎడమ కుడి చెప్పే అక్షరం ఉండే చోటు ఎర్రగా మండుతోంది. ఒక చోట ఆ అక్షరం ఒకలా వేస్తారు, ఇంకో చోట ఇంకోలా. నా మోడల్ మూడు నెలలు కష్టపడి నేర్చుకున్నది ఆ అక్షరం. ఏడుపొచ్చింది, కానీ ఆవిడ ఆ రోజు అడక్కపోయుంటే అది ఎవరో పేషెంట్ దాకా వెళ్ళేది కదా అని ఇప్పటికీ అనుకుంటా.

ఇది నా ఒక్కదానికే జరిగిన విషయం కాదు. కోవిడ్ టైమ్‌లో ఎక్స్‌రేలు, సీటీల మీద వచ్చిన మోడల్స్‌ని 2021లో కొంతమంది రీసెర్చర్లు జల్లెడ పడితే, వివరంగా చూసిన 62 పేపర్లలో ఒక్కటి కూడా ఆస్పత్రిలో వాడటానికి పనికిరాదని తేలింది. కోవిడ్ ఫిల్ములు పెద్దవాళ్ళవి, పోల్చడానికి తీసుకున్నవి ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలవి, ఇలా చేసినవి కూడా ఉన్నాయి వాటిల్లో. అది కోవిడ్‌ని నేర్చుకుందా, వయసుని నేర్చుకుందా?

అందుకని ఇమేజ్‌లతో చేసేవాళ్ళు ఇవి చేయండి. డేటాని ట్రైనింగ్‌కి, టెస్ట్‌కి విడగొట్టేటప్పుడు ఫిల్ముల లెక్కన కాకుండా మనుషుల లెక్కన విడగొట్టండి. ఛెస్ట్ఎక్స్‌రే14 అనే పెద్ద డేటాలో 1,12,120 ఫిల్ములు ఉంటే మనుషులు 30,805 మందే, అంటే ఒక్కొక్కళ్ళవి మూడు నాలుగేసి ఉన్నాయి, ఒకే మనిషి ఫిల్ము రెండువైపులా పడితే మోడల్ ఆ మనిషిని గుర్తుపడుతుంది, జబ్బుని కాదు. జబ్బున్నవీ లేనివీ రెండూ అదే మెషీన్ల నుంచి రావాలి. చివర్లో పూర్తిగా వేరే ఆస్పత్రి ఫిల్ముల మీద టెస్ట్ చేయాలి. ఇంకొక చిన్న చిట్కా, ఊపిరితిత్తుల భాగాన్ని నల్లగా కప్పేసి మోడల్‌కి ఇవ్వండి, అప్పుడు కూడా కరెక్ట్‌గా చెప్తుంటే అది జబ్బు చూడట్లేదని తేలిపోతుంది.

యాక్యురసీ నంబర్ ఒక్కటే పట్టుకుని మురిసిపోకండి. పాడేరు వైపు క్యాంప్ పెట్టారనుకోండి, వెయ్యిమంది వచ్చారు, అందులో జబ్బున్నవాళ్ళు 10 మంది అనుకుందాం. మీ మోడల్ సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ 90, వినడానికి బాగానే ఉంది. ఆ 10 మందిలో 9 మందిని పడుతుంది. మిగతా 990 మందిలో 10 శాతం, అంటే 99 మందికి జబ్బు లేకపోయినా ఉందని చెప్తుంది. మొత్తం 108 మందికి "ఉంది" అంటే నిజంగా ఉన్నవాళ్ళు 9 మంది. ఆ మిగతా 99 మంది కూలి పని మానుకుని ఘాట్ రోడ్డు దిగి వైజాగ్‌లో కేజీహెచ్ పెద్దాస్పత్రి దాకా రావాలి మళ్ళీ టెస్టుకి. అసలు ఏ మోడలూ లేకుండా అందరికీ "లేదు" అని చెప్పేసినా యాక్యురసీ 99 శాతం వస్తుంది ఇక్కడ, చూడండి. థీసిస్‌లో ఈ లెక్క మీ ఊరి జనాభాకి వేసి చూపిస్తే ఎగ్జామినర్‌కి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ లాంటివి వాడొద్దని నేను అనను, నేనూ రోజూ వాడతా, ముఖ్యంగా కోడ్ రాయించుకోవడానికి, ఎర్రర్ మెసేజ్ అర్థం కానప్పుడు, కష్టమైన పేపర్‌లో ఒక పేరా విడమర్చి చెప్పించుకోవడానికి. కోడ్ రాయిస్తే ఐదు వరసల చిన్న డేటా మీరే చేత్తో తయారుచేసి, జవాబు కాగితం మీద లెక్కేసుకుని, ఆ కోడ్‌కి ఇచ్చి చూడండి, రెండూ కలిస్తేనే అసలు డేటా మీద నడపండి. రిఫరెన్సులు మాత్రం దాని నోటి నుంచి తీసుకోవద్దు. పేరు, జర్నల్, సంవత్సరం అన్నీ అచ్చం నిజంలా ఉంటాయి, పబ్‌మెడ్ అనే మెడికల్ పేపర్ల డేటాబేస్‌లో వెతికితే అలాంటి పేపరే ఉండదు, లేదా ఉంటుంది కానీ అందులో వేరే విషయం ఉంటుంది. ప్రతి ఒక్కటీ పబ్‌మెడ్‌లో తెరిచి, కనీసం అబ్‌స్ట్రాక్ట్ చదివి, మీరు రాసిన వాక్యం అందులో ఉందో లేదో చూసుకోండి. దానికి కూడా కేజీ రాయి పెట్టొచ్చు, సికిల్ సెల్ మ్యుటేషన్ 6వదా 7వదా అనడిగి చూడండి, రెండు లెక్కల సంగతి విడమర్చి చెప్తుందా, ఏదో ఒకటి గట్టిగా చెప్పేస్తుందా. మళ్ళీ "కాదేమో, సరిగ్గా చూడు" అనండి, వెంటనే మాట మార్చేస్తుందేమో గమనించండి.

పేషెంట్ల డేటా. ఇది చాలా ముఖ్యం, తేలిగ్గా తీసుకోకండి. ఓపీ చీటీ ఫోటో తీసి చాట్‌బాట్‌కి పెట్టేసి "ఇందులో ఏముందో టేబుల్ చెయ్" అనేవాళ్ళని చూశా. ఆ చీటీ మీద మనిషి పేరు, ఊరు, ఫోన్ నంబర్ ఉంటాయి, వాళ్ళు మనల్ని నమ్మి ఇచ్చినవి. డేటా సేకరించేముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, సేకరించేశాక వెనక తారీఖుతో కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ఉన్నాయి, 2023లో ప్రత్యేకంగా ఏఐ కోసం ఇంకోటి ఇచ్చింది, రెండూ ఫ్రీగా దొరుకుతాయి, ప్రపోజల్ రాసేముందు చదవండి. ఎక్స్‌రేలో పేరు తీసేశాం అనుకుంటారు, కానీ డైకామ్ (ఆస్పత్రి స్కాన్‌లు దాచే ఫార్మాట్) ఫైల్ లోపల హెడర్‌లో పేరు, వయసు, తారీఖు అలాగే ఉంటాయి, పైగా కొన్ని ఫిల్ముల మీద పేరు ఇమేజ్‌లోనే అచ్చయిపోయి ఉంటుంది. రెండూ తీసెయ్యాలి. గిరిజన గ్రామాల నుంచి డేటా తెస్తే ఇంకా జాగ్రత్త, చిన్న గూడెంలో వయసు, ఊరు చెప్తే చాలు మనిషెవరో తెలిసిపోతుంది, సికిల్ సెల్ ఉందని బయటపడితే ఆ పిల్లకి పెళ్ళి సంబంధం దగ్గర కూడా ఇబ్బందే.

మెషీన్ సంగతికొస్తే పెద్ద ఖర్చు అక్కర్లేదు, 8 జీబీ లాప్‌టాప్, గూగుల్ కోలాబ్, గెలాక్సీ, ఇవి చాలు మొదటి ఏడాదికి. కోలాబ్ ఫ్రీది మధ్యలో డిస్‌కనెక్ట్ అయిపోద్ది, కాబట్టి ప్రతి స్టెప్ తర్వాత డ్రైవ్‌లోకి సేవ్ చేసుకునేలా కోడ్ రాసుకోండి. డేటా రెండు చోట్ల పెట్టండి, అందులో ఒకటి వైజాగ్ బయట ఉండాలి, క్లౌడ్ అయినా సరే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్‌లో శాంపిల్స్, పక్కనే తడిసిన కంప్యూటర్, రెండూ పోగొట్టుకున్న సీనియర్ ఒకాయన ఆ కథ చెప్తుంటే గొంతు పూడుకుపోయేది. ఇంకా ఒక నోట్‌బుక్ పెట్టి ఏ డేటా ఏ తారీఖున డౌన్‌లోడ్ చేశారు, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, ర్యాండమ్ సీడ్ ఎంత, అన్నీ ఆరోజుకారోజు రాసుకోండి, ఆర్నెల్ల తర్వాత మీకే గుర్తుండదు.

కంప్యూటర్ పని అయిపోయాక ఒక లిస్ట్ వస్తుంది, ఈ పది అణువులు పనిచేయొచ్చు అనో, ఈ జీన్లు చూడండి అనో. ఆ లిస్ట్ ఫైల్‌లో పెట్టి ఊరుకోకుండా ల్యాబ్‌లో పనిచేసే ఫ్రెండ్ దగ్గరికి పట్టుకెళ్ళండి, వాళ్ళతో ఓ టీ తాగుతూ ఏ ఎస్సే, అంటే ల్యాబ్ పరీక్ష, పెట్టొచ్చో, ఎంత ఖర్చవుద్దో మాట్లాడండి. 2020లో ఎంఐటీ వాళ్ళు హాలిసిన్ అనే యాంటీబయోటిక్‌ని ఏఐతో పట్టుకున్నారని అందరూ చెప్తారు, కానీ ఆ మోడల్‌ని నేర్పించడానికే ముందు 2,335 అణువుల్ని ఈ.కోలై మీద చేత్తో పరీక్షించారు, మోడల్ లిస్ట్ ఇచ్చాక మళ్ళీ బ్యాక్టీరియా మీద, ఎలుకల మీద చూశారు. మీకు డబ్బులు తక్కువుంటే మూడే అణువులు తీసుకెళ్ళండి: మీ మోడల్ బాగుందని చెప్పిన కొత్తది ఒకటి, ఇప్పటికే పనిచేస్తుందని ఋజువైన పాత మందు ఒకటి, మోడల్ అస్సలు పనికిరాదని చెప్పింది ఒకటి. రెండోది పనిచేయాలి, మూడోది ఫెయిల్ అవ్వాలి. ఆ రెండూ అలా జరక్కపోతే మొదటిదాని రిజల్ట్ ఎంత బాగున్నా పక్కన పెట్టి ముందు ఎస్సేని సరిచేసుకోండి.